శాటిలైట్ లెక్క ప్రకారం వైజాగ్‌లో ఇనుప గని పోర్టులో ఉంది

ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతూనే ఉంటుంది, ఫలానా జిల్లాలో భూమి లోపల ఇన్ని వేల టన్నుల బంగారం ఉందని శాటిలైట్ కనిపెట్టేసిందట, ఇక దేశం అప్పులన్నీ తీరిపోతాయట. దాని కింద వరసగా నమస్కారాలు, జెండాలు. ఆ వెంటనే చోడవరం నుంచి మా పెద్దమావయ్య ఫోను. "ఏట్రా, నీది రాళ్ళ చదువే గదా, మన మెట్ట పొలంలో ఏటుందో ఆ శాటిలైటులో ఓపాలి సూసి సెప్పు." నేను చదివింది జియాలజీ, కూడు పెడుతున్నది రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అయినా ఆ పిచ్చి వదల్లేదు, సెలవు రోజు దొరికితే శాటిలైట్ ఇమేజిలు డౌన్‌లోడ్ చేసుకుని కూర్చుంటాను కాబట్టి ఆయన అడగడంలో తప్పేం లేదు. ఫోన్లో చెప్పడం మొదలెడితే ఆయన మధ్యలో "ఉందా లేదా, అది సెప్పు" అంటాడు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ బంగారం సంగతి. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో 3 వేల టన్నుల బంగారం అని దేశమంతా మోత మోగింది గుర్తుందా. తర్వాత జీఎస్ఐ వాళ్ళు, అంటే మన జియలాజికల్ సర్వే వాళ్ళు, అసలు లెక్క చెప్పారు: అక్కడున్నది 52,806 టన్నుల ముడి ఖనిజం, అందులో టన్నుకి 3.03 గ్రాముల బంగారం, అంతా కలిపితే 160 కిలోల చిల్లర. టన్నులెక్కడ, కిలోలెక్కడ. ఆ 160 కిలోల లెక్క కూడా ఆకాశంలోంచి రాలేదు, మనుషులు కొండెక్కి, డ్రిల్ దింపి, రాయి ముక్కలు ల్యాబ్‌కి పంపితే వచ్చింది.

మరి శాటిలైట్‌కి ఏం కనబడుతుంది? సూర్యుడి వెలుగు నేల మీద పడి వెనక్కి వస్తుంది కదా, దాన్ని రంగు రంగుగా విడగొట్టి కొలుస్తుంది, మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌తో కలిపి, ఒక్కో రంగు కొలతని ఒక్కో బ్యాండ్ అంటారు. తుప్పు రంగు ఇనుప ఖనిజం నీలం వెలుగుని మింగేసి ఎరుపుని వదుల్తుంది, బంకమట్టి జాతి ఖనిజాలు 2.2 మైక్రోమీటర్ల దగ్గర మింగుతాయి. కాబట్టి ఎరుపు బ్యాండ్‌ని నీలం బ్యాండ్‌తో భాగిస్తే ఇనుము ఉన్న చోట్లు మెరుస్తాయి. ఇంతే కిటుకు. 1972లో అమెరికా వాళ్ళ మొదటి ల్యాండ్‌శాట్ ఎగిరినప్పటి నుంచీ జనం చేస్తున్నది ఇలాంటిదే, మనది ఐఆర్ఎస్-1ఏ 1988లో వెళ్ళింది, 2008లో ల్యాండ్‌శాట్ పాత బొమ్మలన్నీ ఫ్రీగా వదిలేశారు, 2015లో యూరప్ వాళ్ళ సెంటినెల్-2 వచ్చింది, 10 మీటర్ల పిక్సెల్, అదీ ఫ్రీనే. ఇంట్లో కూర్చుని ఏ కాలేజీ ల్యాబూ లేకుండా చేసుకోవచ్చు, అదే నాలాంటి వాళ్ళకి పండగ.

సరే, ఆ ఎరుపు/నీలం భాగహారం వైజాగ్ మీద చేస్తే ఏమొస్తుందో చెప్తా చూడండి. మేఘాలు లేని ఫిబ్రవరి బొమ్మ తీసుకున్నా. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ధగధగా మెరిశాయి, బాగుంది, అనుకున్నదే. తర్వాత ఆనందపురం వైపు చతురస్రాలుగా మెరుపులు, దగ్గరికి జూమ్ చేస్తే అన్నీ కొత్త లేఔట్లు, ఎర్ర గ్రావెల్ తోలి ప్లాట్లు గీసినవి. భోగాపురంలో ఎయిర్‌పోర్టు కోసం చదును చేసిన నేల ఇంకో పెద్ద మెరుపు. అక్కడక్కడా ఇటుక బట్టీలు. అన్నిటికంటే తళతళలాడింది ఏంటయ్యా అంటే పోర్టు! ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా గనుల నుంచి కేకే రైలు లైన్ మీద గూడ్సు బళ్ళలో దిగి, ఓడ ఎక్కడానికి గుట్టలు పోసి ఉన్న ఇనుప ఖనిజం. అంటే నా బొమ్మని నమ్మి బయల్దేరితే వైజాగ్ జిల్లాలో నంబర్ వన్ ఇనుప గని పోర్టు స్టాక్‌యార్డులో తేలుతుంది, రెండోది రియల్ ఎస్టేట్ వెంచర్లో. శాటిలైట్ అబద్ధం చెప్పలేదు పాపం, పైన ఇనుము ఉంది అంది, ఉంది. ఆ ఇనుము కిందనుంచి వచ్చిందా లారీలో వచ్చిందా అన్నది దాని పని కాదు.

పైన అని నొక్కి చెప్పడం ఎందుకంటే ఈ వెలుగు రాయి లోపలికి మిల్లీమీటరు కూడా దూరదు. పైన దుమ్ముంటే దుమ్ము, ఆకుంటే ఆకు. మన ఏజెన్సీలో పాడేరు, చింతపల్లి, అరకు వైపు కొండల మీద చెట్లు, చెట్ల కింద కాఫీ, సిల్వర్ ఓక్ పట్టుకుని పాకిన మిరియాల తీగలు, పిక్సెల్‌లో వచ్చేదంతా పచ్చదనమే, రాయి ఊసే ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాలిన చోట, పోడు కొట్టిన చోట కాస్త నేల బయటపడుతుంది. అయితే ఒక్క విషయంలో మాత్రం అక్కడ శాటిలైట్ భలే పనికొస్తుంది, బాక్సైట్. బాక్సైట్ ఉన్న కొండల తలలు బల్లపరుపుగా ఉంటాయి, పైన లేటరైట్ గట్టి పెంకు, దాని మీద చెట్టు సరిగ్గా పట్టదు, గడ్డి తప్ప. చుట్టూ చిక్కటి అడవి, నడుమ బోడి తల, ఈ భాగహారాలేవీ చెయ్యకుండానే కంటికి తెలిసిపోతుంది. 1970ల్లో జీఎస్ఐ వాళ్ళు తూర్పు కోస్తా బాక్సైట్‌ని వెలికి తీసి లెక్కకట్టాకే కదా అటు కోరాపుట్ వైపు పంచపత్‌మలి కొండ మీద నాల్కో గని వచ్చింది, ఆ అల్యూమినా మన పోర్టు నుంచే ఓడెక్కుతుంది. ఇటు మన వైపు కొండల్లో తవ్వకాలకి గిరిజనులు ఒప్పుకోలేదు, ఏళ్ళ తరబడి కొట్లాడారు. వాళ్ళ ఊళ్ళకి నీళ్ళు వచ్చే ఊటలన్నీ ఆ బల్లపరుపు తలల అంచుల్లోంచే పుడతాయి మరి. ఆ ఊటలు మాత్రం నా 10 మీటర్ల పిక్సెల్‌లో కనబడవు.

నా మటుకు నాకు శాటిలైట్ గొప్పంతా ఆకారాల్లో ఉంది, రంగుల్లో కన్నా. కడప బేసిన్ సంగతే చూడండి, నేల మీద నిలబడితే నల్లమల కొండలు, వాగులు, నాపరాళ్ళు అంతే, పైనుంచి చూస్తే అదంతా కలిసి ఒక పెద్ద నెలవంక, తూర్పు అంచు మడతలు పడి నలిగిపోయి, పడమటి అంచు నెమ్మదిగా గ్రానైట్ మీద వాలి. అంత పెద్ద ఆకారం నడిచి చూస్తే జీవితంలో తెలీదు. నదులు ఉన్నట్టుండి సూటిగా గీత గీసినట్టు ఎక్కడ పోతున్నాయో చూస్తే కింద పగులు ఉందేమో అని అనుమానం వస్తుంది. అనుమానమే. ఆ పగులు వంద మీటర్లకే ఆగిందా, ముప్ఫై కిలోమీటర్లు దిగిందా అన్నది పైనుంచి తేలదు.

అక్కడ పని మొదలయ్యేది భూకంప తరంగాలతో.

దీన్ని మావయ్యకి ఎలా చెప్పాలా అని ఆలోచించి ఆర్టీసీ దగ్గర ఆగాను. కాంప్లెక్స్ నుంచి బస్సులు అన్ని వైపులకీ బయల్దేరాయి, రోడ్లెలా ఉన్నాయో మీకు కనబడదు, ఏ ఊరికి ఏ బస్సు ఎన్నింటికి చేరిందన్నది మాత్రం ఫోన్లో తెలుస్తుంది. గాజువాక బస్సు లేటు, కొత్తవలస బస్సు లేటు, భీమిలి బస్సు టైముకి వెళ్ళింది. లేటయినవన్నీ ఎన్ఏడీ జంక్షన్ మీదుగా వెళ్ళినవైతే గొడవ ఎన్ఏడీ దగ్గరే అని ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు కదా. టోమోగ్రఫీ అంటే ఇదే. ఎక్కడో భూకంపం వస్తుంది, ప్రపంచమంతా స్టేషన్లకి తరంగాలు చేరతాయి, లెక్క ప్రకారం రావాల్సిన టైము కన్నా ముందొచ్చాయా ఆలస్యమయ్యాయా చూస్తారు. చల్లగా, గట్టిగా ఉన్న పాత రాయిలో తరంగం జోరుగా పోతుంది, వేడి రాయిలో నెమ్మదిస్తుంది. వేల భూకంపాలు, వందల స్టేషన్లు, దారులన్నీ ఒకదాన్నొకటి కోసుకునే చోట ఖండం కింద భాగం బొమ్మ కడుతుంది.

ఈ విద్యకి మన దేశంతో పాత చుట్టరికం ఉంది. 1897లో అస్సాంలో వచ్చిన మహా భూకంపాన్ని జీఎస్ఐలో పనిచేసిన ఓల్డ్‌హామ్ చదివాడు, దాని రికార్డుల మీద పనిచేసే ముందొచ్చే పీ తరంగం, దాని వెనకొచ్చే ఎస్ తరంగం, పైపైన పాకే తరంగం మూడూ వేరువేరని తేల్చాడు, 1906లో భూమికి మధ్యలో ఒక కోర్ ఉందని కూడా ఆయనే చెప్పాడు. 1909లో క్రొయేషియాలో మొహొరొవిచిచ్ ఇంకోటి పట్టాడు, ఒక లోతు దాటగానే పీ తరంగం స్పీడు సెకనుకి 6, 7 కిలోమీటర్ల నుంచి 8కి ఎగబాకుతుంది, అక్కడ క్రస్ట్, అంటే భూమి పైపెంకు, అయిపోయి దాని కిందున్న మాంటిల్ మొదలు. దాన్నే ముద్దుగా మోహో అంటారు. మన దగ్గర 1970ల మొదట్లో హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ వాళ్ళు రష్యా వాళ్ళ సాయంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి అటు పడమటి సముద్రం ఒడ్డున ఉడుపి దాకా దాదాపు 600 కిలోమీటర్లు గీత గీసి, గుంతల్లో మందుగుండు పేల్చి, అడుగునుంచి తిరిగొచ్చే తరంగాలు రికార్డు చేశారు. దేశంలో అలాంటి లోతు సర్వే అదే మొదటిది. ఇటు తీరం నుంచి అటు తీరం దాకా మోహో ఎక్కడ ఎంత లోతులో ఉందో, మధ్యలో ఏ పగుళ్ళు అడుగుదాకా దిగాయో అప్పుడు బయటపడింది. కావలి అనగానే నాకు ఇదే గుర్తొస్తుంది, ఆ ఊరివాళ్ళలో ఎంతమందికి తెలుసో.

మా ఫ్రెండ్ ఒకడు లాసన్స్ బే కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో రాస్ప్‌బెర్రీ షేక్ పెట్టుకున్నాడు, ఇంట్లో పెట్టుకునే సీస్మోమీటర్, చిన్న డబ్బా, లోపల నేల కదలిక పట్టే ఒక జియోఫోన్. దాని స్క్రీన్ చూస్తే మామూలు రోజుల్లో కాలనీ దినచర్యంతా కనబడుతుంది, తెల్లారగట్ల నీళ్ళ మోటార్లు, స్కూలు బస్సులు, మధ్యాహ్నం కాస్త ప్రశాంతం. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 భూకంపం వచ్చినప్పుడు చూడాలి. ఇక్కడికి సుమారు 1,400 కిలోమీటర్ల దూరం, మూడు నిమిషాలకి పీ తరంగం, అయిదున్నర నిమిషాలకి ఎస్, ఆ వెనక పెద్ద పెద్ద అలలు చాలాసేపు. ఆ రెండున్నర నిమిషాల తేడాలోంచే దూరం లెక్కకట్టేయొచ్చు, మావాడు కాగితం మీద గీసి చూపించాడు కూడా. ఆ తరంగం దారిలో ఎక్కువ భాగం బంగాళాఖాతం కిందే, హిమాలయాల నుంచి గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చిన మట్టి ఉత్తరాన 16 కిలోమీటర్ల పైనే పేరుకున్న చోటు.

భూకంపం రాకపోయినా పని ఆగదు, ఇది నాకు బాగా నచ్చిన విషయం. సముద్రం ఊరుకోదు కదా, అలలు ఒకదానికొకటి ఎదురెళ్ళి నేలని సన్నగా ఊపుతూనే ఉంటాయి, అయిదారు సెకన్ల నుంచి ఇరవై సెకన్ల దాకా లయతో, మన కాళ్ళకి తెలీదు గానీ మంచి సీస్మోమీటర్లకి తెలుస్తుంది. తుఫాను దగ్గరపడితే ఇంకా పెరుగుతుంది. ఒకప్పుడు దీన్ని పనికిరాని రొద అని తీసి పారేసేవాళ్ళు. 2000ల మధ్యలో కొంతమంది ఆ రొదనే రెండు స్టేషన్ల మధ్య నెలల తరబడి పోల్చి చూసి, ఒక స్టేషన్‌లో పుట్టిన తరంగం ఇంకో స్టేషన్‌కి చేరినట్టు లెక్క లాగారు, దాంతో భూకంపాలు పెద్దగా రాని చోట కూడా క్రస్ట్ బొమ్మ వచ్చేస్తోంది. మనలాంటి పెద్దగా కదలని తీరానికి ఇది వరం. డేటా సంగతి మాత్రం అడక్కండి, ఎక్కడో అమెరికాలోని స్టేషన్ డేటా టీ తాగేలోపు దిగుతుంది, మన పక్కనున్న ఒక స్టేషన్ డేటా కోసం నేను రాసిన మెయిల్‌కి ఇంతవరకు జవాబు లేదు.

ఇక ఖనిజాల దగ్గరికి. ఖండాలంటే అంతటా ఒకే మందం ఉండవు, బాగా పాత భాగాల కింద 150, 200 కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ దిగిన చల్లటి వేరు ఉంటుంది, దాన్నే క్రేటాన్ వేరు అంటారు. 2020లో మార్క్ హొగార్డ్, ఇంకొంతమంది కలిసి నేచర్ జియోసైన్స్‌లో ఒక పేపరు వేశారు, ఎస్ తరంగాల బొమ్మతో ఖండాల మందం మ్యాపు చేసి, 170 కిలోమీటర్ల మందం దగ్గర గీత గీసి, దాని మీద ప్రపంచంలోని సీసం, జింకు, రాగి నిక్షేపాలు పెట్టి చూశారు, అవక్షేప రాళ్ళలో దొరికే రకం అన్నమాట. 85 శాతం లోహం ఆ గీతకి 200 కిలోమీటర్ల లోపే ఉంది. కోటి టన్నులు దాటిన రాక్షస నిక్షేపాలైతే అన్నీ అక్కడే, ఒక్కటీ తప్పిపోలేదు. ఎందుకంటే ఖండం సాగినప్పుడు మందం మారే ఆ అంచు దగ్గరే లోతైన బేసిన్లు పడతాయి, వాటిలో ఉప్పు నీళ్ళు రాళ్ళలోంచి లోహాన్ని కరిగించుకుని పైకొస్తాయి, నల్ల షేల్ లాంటి పొర తగలగానే దించేస్తాయి. పక్కనే ఉన్న మందమైన వేరు కోట్ల ఏళ్ళ పాటు ఆ చోటుని చెదరనివ్వదు. ఆస్ట్రేలియా జింకు బెల్టు వరస వరసంతా ఆ గీత పక్కనే కూర్చుంది.

ఇది చదివి నేను గంతులేసిన మాట నిజమే గానీ కాస్త నెమ్మదించి చూస్తే, ప్రపంచమంతా ఆ గీత చుట్టూ 200 కిలోమీటర్ల పట్టీ అంటే ఎంత నేల? అందులో ముప్పాతిక మూడొంతులు ఉత్త రాళ్ళే. ఎక్కడ వెతకక్కర్లేదో చెప్పడంలోనే దీని విలువంతా, కంపెనీలకి అదే కోట్లు మిగులుస్తుంది. రెండోది, కడప బేసిన్‌లో మనకీ అగ్నిగుండాల రాగి, సీసం ఉన్నాయి కదా, ఇదే లెక్క అతికిద్దాం అనుకుంటే అక్కడో చిక్కు. 2007లో ఎన్‌జీఆర్ఐ, జర్మనీ శాస్త్రవేత్తలు నేచర్‌లో వేసిన పేపరు ప్రకారం ఇండియా ప్లేటు మందం 100 కిలోమీటర్లే, గోండ్వానా అనే పాత మహాఖండంలో మనతో కలిసున్న మిగతా ముక్కలు 180 నుంచి 300 దాకా ఉంటే. అంటే ఆ 170 గీతే మన కింద పడదు. అందుకే మనం అంత జోరుగా, ఏడాదికి 20 సెంటీమీటర్ల చొప్పున, ఆసియా మీదికి దూసుకెళ్ళాం అన్నారు వాళ్ళు. అందరూ ఒప్పుకోలేదు, ఇంకొందరి లెక్కలో మందం ఎక్కువే వస్తుంది.

నన్ను ఎక్కువ తికమక పెట్టేది అనంతపురం వైపు వజ్రకరూరు. తొలకరి పడితే జనం పొలాల్లో వజ్రాల కోసం వంగి నడిచే ఊరు, అందరికీ తెలిసిందే. వజ్రం పుట్టాలంటే 150 కిలోమీటర్ల లోతు ఒత్తిడి కావాలి, అదీ ఆ లోతులో రాయి మరీ వేడిగా ఉండకూడదు, అంటే మందమైన చల్లటి వేరు ఉండి తీరాలి. వజ్రాలని లోతు నుంచి పైకి మోసుకొచ్చిన రాళ్ళు, వజ్రకరూరు కింబర్లైట్లు, 110 కోట్ల ఏళ్ళ కిందటివి. కాబట్టి అప్పుడు వేరు ఉంది. ఇప్పుడు నిజంగా వందే మిగిలితే మిగతాది ఎప్పుడు, ఏ వేడికి కరిగింది? రాయి ఒకటి చెప్తోంది, తరంగం ఒకటి చెప్తోంది, రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే వజ్రం చెప్పేది నిన్నటి సంగతి, తరంగం చెప్పేది ఇవాళ్టిది. సీస్మిక్ బొమ్మ చూసి ఖనిజం వెతికేటప్పుడు చాలామంది మర్చిపోయేది ఇదే అనుకుంటా.

మరి వైజాగ్? కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్, ఎటు చూసినా మన కొండల్లో ఎక్కువగా ఉండే రాయి ఖొండలైట్, 1902లో వాకర్ అనే ఆయన ఒడిశా ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. ఒకప్పుడు మామూలు బంకమట్టి, క్రస్ట్ అడుగుకి పోయి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటి ఉడికి, గార్నెట్, సిల్లిమనైట్‌గా మారి మళ్ళీ పైకి తేలింది. మనకి ఈ వంట జరిగిన 90, 100 కోట్ల ఏళ్ళ కిందటి కాలంలోనే అంటార్కిటికాలో రేనర్ కాంప్లెక్స్ అనే రాళ్ళకీ జరిగింది, ఎందుకంటే అప్పుడు రెండూ ఒకే పర్వతం. దాదాపు 13 కోట్ల ఏళ్ళ కిందట చీలి ఎవరి దారిన వాళ్ళు పోయారు, అంటార్కిటికాలో మన పరిశోధన కేంద్రం భారతి ఉన్న లార్సెమాన్ హిల్స్ కూడా ఆ విడిపోయిన ఒడ్డు వైపే. అలాంటి రాయి బయటపడిన కొద్ది చోట్లు వదిలేస్తే అంటార్కిటికాలో శాటిలైట్‌కి మంచే కనబడుతుంది, తరంగాలే గతి, కనిపెట్టినా 1991 మాడ్రిడ్ ఒప్పందం వల్ల తవ్వడానికి లేదు. ఆఫ్రికాలో ఘనా బంగారు బెల్టు సముద్రం అవతల దక్షిణ అమెరికాలో గయానా వైపు కొనసాగినట్టు ఇలా ముక్కలు అతికించి చూడటం గనుల వాళ్ళకి మామూలే, మన విషయంలో అవతలి ముక్క ముట్టుకోవడానికి లేదు, అంతే.

అంత వేడికి ఉడికిన రాయిలో నీరంతా ముందే ఎగిరిపోతుంది, నీరు లేకపోతే లోహం మోసేది ఎవరు, కాబట్టి మావయ్యా, మన కొండల్లో బంగారపు ఈనెల మీద ఆశ పెద్దగా పెట్టుకోకు. గరివిడి వైపు మాంగనీసు పాత అవక్షేపంతో పాటే ఉడికినది. మనకున్న మిగతా సొత్తంతా ఆ తర్వాత ఎండకీ వానకీ కుళ్ళి వచ్చింది, కొండ మీద మిగిలింది బాక్సైట్, కిందకి కొట్టుకొచ్చింది బీచ్ ఇసుక.

ఆ ఇసుక మీదే ఇప్పుడు నా కన్ను. అలలు గట్టిగా కొట్టిన మర్నాడు భీమిలి వైపు వెళ్తే ఒడ్డున నల్ల చారలు, వాటి అంచున ఊదా కలిసిన గులాబీ చారలు పడి ఉంటాయి. పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి పెడితే మాగ్నటైట్ ముళ్ళలా లేచి అంటుకుంటుంది, ఇల్మనైట్ సగం మనసుతో కదుల్తుంది, గులాబీ గార్నెట్ ఉన్నచోటే ఉంటుంది. మోనజైట్ కూడా కలిసి ఉంటుంది, అందులో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం, అందుకే 2019 నుంచి ఈ బీచ్ ఖనిజాల తవ్వకం ప్రైవేటు వాళ్ళకి లేకుండా చేశారు. తుఫాను ముందూ తర్వాతా ఈ చారలు ఎలా జరుగుతాయో శాటిలైట్లో పట్టాలని నా ప్లాను. ఆస్టర్ అనే శాటిలైట్ సెన్సర్ ఉంది, నేల వేడిని కొలిచే దాని థర్మల్ బ్యాండ్లలో క్వార్ట్జ్ ఇసుక చక్కగా వేరుపడుతుంది, క్వార్ట్జ్ తగ్గిన చోట బరువు ఖనిజాలు చేరినట్టు. తిప్పలేంటంటే దాని పిక్సెల్ 90 మీటర్లు, మన బీచ్ చాలా చోట్ల అంత వెడల్పే ఉండదు, ఒక పిక్సెల్‌లో ఇసుక, నీళ్ళు, రోడ్డు, మొక్కజొన్న పొత్తుల బండి అన్నీ కలిసిపోతాయి. సెంటినెల్‌తో 10 మీటర్లలో ప్రయత్నిస్తున్నా, దానికి థర్మల్ లేదు, నలుపు ఇసుకకీ తడి ఇసుకకీ తేడా పట్టడానికే తల ప్రాణం తోకకి వస్తోంది. సముద్రం బాగా వెనక్కి తగ్గిన టైములో తీసిన బొమ్మలు మాత్రమే ఏరుతున్నా, మీలో ఎవరి దగ్గరైనా భీమిలి పోటు-పాటు టైములు పాతవి ఉంటే కామెంట్‌లో పెట్టండి.